ఒకసారి చూడొచ్చు

మొన్న ఆదివారం తమ్ముడు మెసేజ్ పెట్టాడు. "అక్కా, అది చూశానన్నావుగా, ఎలా ఉంది? చూడొచ్చా?" నేనేదో పనిలో ఉండి, ఒంటిచేత్తో "ఒకసారి చూడొచ్చు" అని కొట్టి పంపేశాను. రెండు నిమిషాలయ్యాక అనుమానం వచ్చింది, ఇంతకీ వీడు అడిగింది ఏ సినిమా? పైకి జరిపి చూస్తే నేను అనుకున్నది కాదు, వేరేది. జవాబు మారుద్దామని ఫోన్ పట్టుకుని కూర్చున్నాను. మార్చడానికేమీ దొరకలేదు. దానికీ అదే జవాబు.

నాకు ఫోన్లో ఒక జాబితా రాసుకునే అలవాటుంది. సినిమా పేరు, చూసిన నెల, పక్కన ఒక ముక్క, అంతే. ఆ రాత్రి దాన్ని తీసి లెక్కపెట్టాను. ఆఖరి 60 సినిమాల్లో 23 పక్కన "ఒ.చూ." అని ఉంది. అవును, ఎంత వాడుతున్నానంటే దానికి పొట్టిపేరు కూడా పెట్టేసుకున్నాను. పదకొండింటి పక్కన "సెకండాఫ్ లాగ్". ఇక ఆ 23 ఒ.చూ. సినిమాల్లో కథ గుర్తున్నవి ఏడో ఎనిమిదో. ఒకదాని పేరు చూసి, ఇది సినిమానా, సిరీసా అని వెతుక్కోవాల్సి వచ్చింది.

సినిమా చూసినవాళ్లకి అభిప్రాయం ఉండక తప్పదు. అందరమూ చెబుతాం. హాల్లోంచి బయటికొచ్చేటప్పుడు మెట్ల మీదే చెప్పేస్తాం, కొందరం ఇంటర్వెల్‌కే చెప్పేస్తాం. దాని మీద నాకేం పేచీ లేదు. నా పేచీ ఈ ఒక్క మాటతోనే. అదీ ఎదుటివాళ్లు వాడినందుకు కాదు, నేను వాడుతున్నందుకు.

ఆ మాట వెనక ఎన్ని దాచొచ్చో చూడండి. నచ్చలేదు గానీ తిట్టేంత ఓపిక లేదు. నచ్చింది, కానీ నచ్చిందంటే నువ్వు నవ్వుతావేమో. మధ్యలో కునుకు తీశాను. నువ్వు చూసి తిట్టుకుంటే ఆ పాపం నాకొద్దు. అందరూ బాగుందంటున్నారు, నాకెందుకు ఎక్కలేదో తెలీట్లేదు. ఇన్నింటికీ కలిపి రెండు మాటల ముసుగు. ఇందులో ఏ ఒక్కటీ సినిమా గురించి కాదు, గమనించారా? అన్నీ నా గురించే.

సరే, ఇంత అనుమానం వచ్చాక ఊరుకోలేక ఒక పని చేశాను. ఆ ఒ.చూ. జాబితాలోంచి రెండు తీసి, ఈ నెలలో మళ్లీ చూశాను. ఫోన్ పక్కగదిలో పెట్టి, మధ్యలో లేవకుండా, మొదటి పేరు పడినప్పటి నుంచి ఆఖరి పేరు దాకా. దాంతోపాటు జాబితాకి ముందు కాలంలో నేను కొట్టిపారేసిన ఒకదాన్ని, ఎప్పుడూ కొట్టిపారేయని ఒకదాన్ని కూడా.

నాలుగు కథల లెక్క

మొదటిది కేరాఫ్ కంచరపాలెం, 2018లో వచ్చింది. చూడనివాళ్లుంటే ఈ రెండు పేరాలూ దాటేయండి, నిజంగానే చెబుతున్నాను, ఇందులో గుట్టు విప్పేస్తున్నాను. అప్పట్లో నేను రాసుకున్నది: "నాలుగు ప్రేమకథలు, కొత్తవాళ్లు బాగా చేశారు, కాస్త స్లో, ఒ.చూ." అందులో నటించినవాళ్లు చాలావరకు విశాఖలోని ఆ పేటవాళ్లేనని, సినిమాలకి కొత్తవాళ్లని అప్పటికే అందరికీ తెలుసు. నేనూ ఆ ముక్కే పట్టుకుని "సహజంగా ఉంది" అని నలుగురికీ చెప్పాను.

ఈసారి చూస్తుంటే స్లో ఎక్కడుందో కనిపించలేదు. ఎందుకంటే ఆ నాలుగు కథలూ ఒకే మనిషివని ఈసారి నాకు మొదటి నిమిషం నుంచే తెలుసు. బడిలో సుందరానికి దెబ్బ తగిలితే, 49 ఏళ్ల అటెండరు రాజు ముఖంలో దాని మచ్చ వెతుక్కుంటున్నాను. సలీమా కళ్లు తప్ప ఏమీ చూడని 'గడ్డం' అనే మనిషి, పెళ్లి గోల ఊరంతా చేస్తున్నా చలించని రాజు, ఇద్దరూ ఒకే ఓపికతో కూర్చుంటారు. మొదటిసారి చూసినప్పుడు కథ మారిన ప్రతిసారీ "మళ్లీ ఇటొచ్చాడే" అని విసుక్కున్నాను. రెండోసారి ఆ మారడమే సినిమా. మొదటిసారి ఆఖర్న అసలు సంగతి తెలిసినప్పుడు కూడా "ఓహో, ట్విస్టు" అనుకున్నానే తప్ప వెనక్కి తిరిగి ఏమీ కలుపుకోలేదు. అప్పుడు రైల్లో చూశాను మరి. ఇయర్‌ఫోన్లో ఒక చెవి పనిచేయట్లేదు. ఆ సంగతి జాబితాలో రాసుకోలేదు, "స్లో" అని రాసుకున్నాను.

పదకొండు చేతులు

రెండోది ట్వెల్వ్ యాంగ్రీ మెన్. దాని పక్కన "మాటలెక్కువ, ఒ.చూ." అని ఉంది. 96 నిమిషాల అమెరికన్ సినిమా, దాదాపు అంతా ఒకే గదిలో, కోర్టు కేసులో తీర్పు తేల్చాల్సిన పన్నెండు మంది జ్యూరీ. ఒక కుర్రాడు తండ్రిని చంపాడా లేదా తేల్చాలి. చంపాడని తేలిస్తే వాడికి మరణశిక్ష. కూర్చోగానే, దోషి అనేవాళ్లని చేతులెత్తమంటారు. పదకొండు చేతులు లేస్తాయి, ఒకటి లేవదు.

ఈసారి ఆ చేతులెత్తే చోట ఆపి, వెనక్కి జరిపి రెండుసార్లు చూశాను (నేను పెట్టుకున్న నియమం నేనే తప్పాను, ఒప్పుకుంటున్నాను). అన్ని చేతులూ ఒక్కసారి లేవవు. కొన్ని టక్కున లేస్తాయి. కొన్ని పక్కవాళ్ల చేతులు చూసి, నెమ్మదిగా, మొహమాటంగా లేస్తాయి. వాళ్లకి అభిప్రాయం లేదు. అభిప్రాయం ఉన్నవాళ్ల మధ్యలో కూర్చున్నారు, అంతే. వాళ్లలో ఒకాయనకి ఆ సాయంత్రం బేస్‌బాల్ మ్యాచ్‌కి టికెట్లున్నాయి. తొందరగా తేల్చేస్తే వెళ్లిపోవచ్చు. తర్వాత ఆయన ఓటు మార్చుకుంటాడు, అదీ నమ్మకం కుదిరి కాదు, విసుగెత్తి. నాకు సిగ్గేసింది. పదకొండు సినిమాల పక్కన "సెకండాఫ్ లాగ్" అని రాసింది ఆయనే.

దర్శకుడు సిడ్నీ లుమెట్ ఆ గదిని చిత్రీకరించిన తీరు గురించి ఆయనే వివరంగా రాశాడు. మొదట కెమెరా మనుషుల కళ్లకంటే పైన ఉంటుంది, తర్వాత కళ్ల ఎత్తుకి దిగుతుంది, చివరి భాగంలో ఇంకా కిందికి వెళ్లి పైకప్పు కనిపించేలా పెడుతుంది. లెన్సులు కూడా మారుతూ పోతాయి, గోడలు దగ్గరకి వచ్చినట్టుంటుంది. మొదటిసారి చూసినప్పుడు నాకు "ఇరుకుగా, చిరాగ్గా" అనిపించి, ఆ చిరాకుని మాటల మీదకి తోసేశాను. చిరాకు పుట్టించడమే ఆయన పని అని, అది ఆయన చక్కగా చేశాడని తోచలేదు. సినిమా నా మీద పనిచేసింది. నేను దానికి తప్పు పేరు పెట్టి ఫిర్యాదు కింద రాసుకున్నాను.

నాకు నేనే అడ్డం

ఇక్కడిదాకా చదివి మీలో కొందరు అనుకుంటుంటారు, అంటే ప్రతి సినిమా రెండుసార్లు చూడమంటావా తల్లీ, నీకు పనీపాటా లేదా అని. న్యాయమైన ప్రశ్నే. తమ్ముడు అడిగింది విమర్శ కాదు. రాత్రి పని ముగించుకుని వచ్చి రెండు గంటలు ఖర్చు పెట్టాలా వద్దా అని అడిగాడు. వాడికి కెమెరా ఎత్తు గురించి చెబితే ఫోన్ పెట్టేస్తాడు. అవునా కాదా అన్నది ఒక సేవ. ఆ సేవకి ఒ.చూ. సరిపోతుంది కదా?

పైగా పెద్దవాళ్లలోనే దీని మీద ఏకాభిప్రాయం లేదు. న్యూయార్కర్ పత్రికలో రాసిన సినిమా విమర్శకురాలు పాలిన్ కేల్ ఏ సినిమానైనా ఒక్కసారే చూస్తాననేది. మొదటి దెబ్బ ఎక్కడ తగిలిందో అదే నిజమన్నది ఆవిడ ధోరణి. మరో అమెరికన్ విమర్శకుడు రాజర్ ఈబర్ట్ దానికి పూర్తిగా ఎదురు. ఇటలీ దర్శకుడు ఫెలీని 1960లో తీసిన లా డోల్చె వీటాని ఆయన కుర్రాడిగా ఉన్నప్పుడు చూశాడు, మళ్లీ దాదాపు పదేళ్లకోసారి చూస్తూ వచ్చాడు. మొదట్లో అందులో నాయకుడి బతుకు ఆయనకి కలల బతుకు. తర్వాత తన వయసువాడు, తనలాగే ఇరుక్కుపోయినవాడు. చివరికి తనకంటే చిన్నవాడు, జాలిపడాల్సినవాడు. తెర మీద ఒక్క ఫ్రేము కూడా మారలేదు. ఇద్దరూ సినిమా గురించి జీవితమంతా రాసినవాళ్లే. నేను ఈబర్ట్ పక్కన నిలబడాలనుకుంటున్నా గానీ, కేల్ మాటలో నన్ను భయపెట్టేది ఒకటుంది. రెండోసారి చూసేటప్పుడు మనం నిజంగా సినిమా చూస్తున్నామా, లేక మన ఓపికని మనమే మెచ్చుకుంటున్నామా?

మూడోది ఖలేజా. దాని విషయంలో నాకు సరిగ్గా ఈ డౌటే వచ్చింది. 2010 అక్టోబరులో హాల్లో చూశాను. మహేష్‌బాబు సినిమా వచ్చి మూడేళ్లయింది, అందులోనూ 'అతడు' సినిమా తీసిన త్రివిక్రమ్‌తో. మేమంతా వెళ్లింది తక్కువ మాట్లాడి గట్టిగా కొట్టే మహేష్ కోసం. తెర మీదకొచ్చింది వాగుడుకాయ టాక్సీ డ్రైవరు. పైగా ఎక్కడో ఊరంతా అతన్ని దేవుడంటోంది. మా వరసలో కూర్చున్నవాళ్లు ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. బయటికొచ్చి నేనన్న మాట "ఇదేం సినిమా". ఆ మాట అన్నది నేనొక్కదాన్నే కాదు, సినిమా ఆడలేదు. ఆ తర్వాత టీవీలో అదే సినిమా ఎంతమందికి కంఠతా వచ్చేసిందో మీకు తెలుసు. 2025 మేలో మళ్లీ విడుదలైతే జనం పండగ చేసుకున్నారు. అదే 2010లో వచ్చి పోయిన ఆరెంజ్‌కి కూడా 2023లో ఇదే జరిగింది.

మరి 2010లో మేమంతా తప్పా? పూర్తిగా తప్పని ఇప్పటికీ అనలేను. ఈసారి శ్రద్ధగా చూశాను. ఊరి కష్టం ఒక దారిలో, నవ్వులు ఒక దారిలో వెళుతున్నాయన్న పాత ఫిర్యాదు నాకింకా ఉంది. కానీ అప్పుడు చెవికెక్కని మాటలు ఇప్పుడు ఎక్కుతున్నాయి. అతన్ని దేవుడని నమ్మినవాళ్ల ముందు అతను వెటకారమాడుతూనే మెల్లగా బరువెక్కడం కనిపిస్తోంది. టీవీ చేసిన మేలు ఏమిటంటే, మా లెక్కల్ని తీసేసింది. చానెల్ మారుస్తూ మధ్యలో ఒక సీను తగులుతుంది, ఆ సీను దగ్గర ఏ అంచనాతోనూ రాం, నవ్వొస్తే నవ్వుతాం. ఇంకోపక్క, రీరిలీజుకి వెళ్లినవాళ్లు డైలాగులు నటుడికంటే ముందే అరుస్తుంటారు. అదీ సినిమా మీద అభిప్రాయమేనంటారా? ఇరవైసార్లు చూసిన సినిమా చుట్టమైపోతుంది. మన బాబాయి బాగుంటాడా బాగుండడా అని ఎవరైనా అడిగితే ఏం చెబుతాం?

ఇంకొకటి కూడా చెప్పాలి, చెప్పకపోతే నా వాదన మరీ నున్నగా ఉంటుంది. ఈ నెలలోనే, నేను మొదటిసారి చూసి ఎగిరి గంతేసిన ఒక సినిమాని మళ్లీ చూశాను. పేరు చెప్పను, దాని అభిమానుల్లో నా స్నేహితులున్నారు. జాబితాలో దాని పక్కన మూడు ఆశ్చర్యార్థకాలున్నాయి. రెండోసారి గంట దాటకముందే దాని కీళ్లు కనిపించిపోయాయి. ఇక్కడ ఏడిపించాలి, ఇక్కడ ఈల వేయించాలి అని ముందే రాసిపెట్టుకున్న చోట్లు. మొదటిసారి ఆ రాత్రి హాలు నిండుగా ఉంది, పక్కనున్నవాళ్లు ఏడుస్తుంటే నేనూ ఏడ్చాను. అది అబద్ధం ఏడుపని అనుకోను. కానీ దాన్ని సినిమా ఖాతాలో వేయాలో, హాలు ఖాతాలో వేయాలో తెలియట్లేదు.

మౌత్ టాక్‌ని తక్కువ చేయొద్దు

ఇంత చెప్పి, సరదా అభిప్రాయాలకి విలువ లేదంటే అది పెద్ద అన్యాయం. 1980లో శంకరాభరణం వచ్చినప్పుడు మొదటి రోజుల్లో జనం పలచగా ఉన్నారని అప్పటివాళ్లు ఇప్పటికీ చెబుతారు. యాభై దాటిన జె.వి. సోమయాజులు కథానాయకుడు, సంగీతం చుట్టూ తిరిగే కథ. దాన్ని నిలబెట్టింది చూసినవాళ్లు చూడనివాళ్లకి చెప్పిన మాట. ఆ మాట "ఒకసారి చూడొచ్చు" అయ్యుంటే ఆ సినిమా రెండో వారం చూసేదా? వాళ్లేమన్నారో నేను వినలేదు గానీ ఊహించగలను. ఎవరో ఒకరు ఒక సీను చెప్పుంటారు, ఎవరో ఒక పాట పాడి చూపించుంటారు.

ఈ విషయంలో నాకు తెలిసిన గట్టి రివ్యూయర్ మా అమ్మ. అమ్మ ఏ సినిమాకీ బాగుంది, బాగాలేదు అనదు. ఈమధ్య ఇద్దరం కలిసి ఒక చిన్న సినిమా చూశాం. అయిపోయాక టీవీ కట్టేస్తూ, "ఆ పిల్ల తలుపు వెయ్యబోయి ఆగుతుంది చూడు, అక్కడ బాగా చేసింది" అంది, లోపలికి వెళ్లిపోయింది. ఆ సినిమా పక్కన నేను ఒ.చూ. రాసుకున్నాను. ఇప్పుడు దాని పేరు కోసం జాబితా చూడాలి. తలుపు దగ్గర ఆగిన ఆ అమ్మాయి మాత్రం చూడకుండానే గుర్తుంది, అమ్మ పుణ్యాన.

నాలుగోది మాయాబజార్, అమ్మతోనే చూశాను. అదీ 1957, ఆ జ్యూరీ సినిమా వచ్చిన ఏడే. చిన్నప్పటి నుంచీ ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు, 2010లో రంగులేసి వదిలినప్పుడు హాల్లో కూడా చూశాను. కాబట్టి కాస్త ధీమాగానే కూర్చున్నాను. మధ్యలో ఏదో గుర్తొచ్చి అడిగాను, "అమ్మా, ఇందులో ధర్మరాజు వేషం ఎవరిది?"

అమ్మ నా వైపు ఒకసారి చూసింది. "పాండవులు ఎక్కడున్నారే ఇందులో? ఇన్నేళ్లుగా ఏం చూస్తున్నావు?"

నిజమే, లేరు. సుభద్ర ఉంది, అభిమన్యుడు ఉన్నాడు, ఘటోత్కచుడు ఉన్నాడు, కౌరవులు దండిగా ఉన్నారు. కథంతా పాండవుల మర్యాద చుట్టూనే తిరుగుతుంది. ఆ అయిదుగురూ మాత్రం తెర మీదకి రారు. ఇన్నిసార్లు చూసి, వాళ్లని నేనే మనసులో నింపేసుకున్నాను. ఇంతకాలం ఒకసారి చూస్తే చాలదని వాదిస్తున్నదాన్ని, పాతికసార్లు చూసి కూడా చూడలేదని తేలింది. మళ్లీ చూడటం అన్నది మందేం కాదన్నమాట. చూపు లేకపోతే ఎన్నిసార్లయినా ఒకటే.

అందులో ప్రియదర్శిని అని ఒక పెట్టె ఉంటుంది, గుర్తుందా? ఎవరు తెరిచి చూస్తే వాళ్లకి ఇష్టమైనదే కనిపిస్తుంది. శశిరేఖకి అభిమన్యుడు, రేవతికి నగలు. కృష్ణుడు చూస్తే శకుని. చిన్నప్పుడు అక్కడ నవ్వేదాన్ని. ఈసారి మాత్రం ఆ పెట్టెలోకి తొంగిచూసి "ఒకసారి చూడొచ్చు" అన్నవాళ్లెవరూ లేరే అనిపించింది. ఎవరికేం కనిపించిందో దాచుకోవడానికి తంటాలు పడటమే ఆ సీనులో సరదా అంతా.

ఆ తర్వాత సావిత్రి. శశిరేఖ రూపంలో ఉన్న ఘటోత్కచుడిగా ఆవిడ నడుస్తుంటే, అమ్మ టీవీ వైపు చెయ్యి చూపించి "ఆ భుజాలు చూడు" అంది. భుజాలే చూశాను. అద్దంలో సిగ్గుపడబోయిన పెళ్లికూతురికి మధ్యలో ఎస్.వి. రంగారావు భుజాలు వచ్చేస్తాయి, ఆవిడ చటుక్కున వాటిని సర్దుకుని మళ్లీ ఆడపిల్ల అవుతుంది. ఈ ముక్క నా జాబితాలో మాయాబజార్ పక్కన రాశాను. అంతకుముందు అక్కడ "క్లాసిక్" అని ఉండేది. అదీ ఒ.చూ.కి అన్నగారే, ఏమీ చెప్పని మాట.

అప్పటి నుంచి జాబితా పద్ధతి మార్చాను. సినిమా పేరు, ఎలా చూశాను (రైల్లో, ఒక చెవితో, నిద్రమత్తులో), ఒక సీను. సీను రాయడానికేమీ దొరక్కపోతే ఖాళీగా వదిలేస్తున్నాను. ఈ నెల రెండు ఖాళీలున్నాయి. వాటిలో ఒకటి సినిమా తప్పు, రెండోది నాదే.

నిన్న తమ్ముడు మళ్లీ మెసేజ్ పెట్టాడు. ఈసారి ఆ జ్యూరీ సినిమా గురించి. ఒ అని కొట్టాను, చెరిపేశాను. కాసేపు ఆలోచించి, "మొదట్లో చేతులెత్తేటప్పుడు ఎవరు ఎవరివైపు చూసి ఎత్తుతున్నారో గమనించు. ఫోన్ పక్కగదిలో పెట్టి చూడు" అని పంపాను.

వెంటనే రిప్లై వచ్చింది. "సరే గానీ అక్కా, ఇంతకీ చూడొచ్చా, లేదా?"